వెనక్కి తగ్గే వంతు

"ఎట్లైనా ఇంట్లనే ఉంటవు గద," అని మా ఆయన కరుణాకర్ రెండు కిలోల మటన్ సంచి వంటింటి గట్టు మీద పెట్టి పోయాడు. పదిమంది భోజనానికి వస్తారట. అప్పటికి పదింబావు. పదకొండింటికి నాకు ఆఫీసు మీటింగ్.

తొర్రూరులో మా ఇల్లు బస్టాండుకు దగ్గర, అదే నా కర్మ. మండలంలో ఎవరికి ఏ పని పడ్డా మా ఆయన దగ్గరికే వస్తారు, వచ్చినవాళ్లను తినకుండా పంపితే రాజకీయం నడవదని ఆయన నమ్మకం. అది నడిచేది నా పొయ్యి మీద అని మాత్రం ఆయనకు తట్టదు. తోటికోడలు అలేఖ్య బడికి పోయి పాఠాలు చెబుతుంది కాబట్టి ఆమెది నౌకరీ. నేను పడకగదిలో కూర్చుని చేస్తాను కాబట్టి నాది "కంప్యూటర్ ముంగట కూసునుడు".

నేను చేసేది ఇదీ. కంప్యూటర్‌లో బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే ఉంటుంది. వీడియోకు అదే కావాలి, ఆటకు అదే, బ్రౌజర్‌కూ అదే. కంప్యూటర్‌ను లోపలినుంచి నడిపే కెర్నెల్‌లో డ్రైవర్ అనే ప్రోగ్రాము మధ్యలో కూర్చుని అందరికీ వంతులు వేస్తుంది. చిక్కెక్కడంటే, ఒక ప్రోగ్రాము కొంత మెమరీ పట్టుకుని, రెండోదాని దగ్గరున్న ముక్క కోసం చూస్తుంది. రెండోది మొదటిదాని కోసం చూస్తుంది. ఎవరూ వదలరు, తెర బిగుసుకుపోతుంది. అందుకే వచ్చిన వరుసలో టోకెన్ నంబర్లు ఇచ్చి ఒక నియమం పెట్టారు. ముందు వచ్చింది ఉంటుంది, వెనక వచ్చింది చేతిలోవన్నీ వదిలేసి మళ్లీ మొదటినుంచి రావాలి. మా డ్రైవర్‌లో ఆ నియమం తప్పిన చోటు పట్టుకుని సరిచేయడానికి నాకు నలభై రోజులు పట్టింది. పట్టుకున్ననాడు నవ్వొచ్చింది. ఈ ఇంట్లోకి అందరికంటే వెనక వచ్చింది నేనే, పదకొండేళ్ల కింద.

ఆ సరిచేసిన కోడ్‌ను ఇవాళ అందరి ముందూ వివరించాలి. అది ఒప్పుకుంటే నా పేరు మీద డ్రైవర్‌లోకి వెళ్తుంది, కాంట్రాక్టు పోయి ఉద్యోగం పర్మనెంట్ అవుతుంది. ఇప్పటికే రెండుసార్లు నా వల్లే వాయిదా పడింది. ఒకసారి అత్తమ్మను మోకాళ్ల నొప్పులకు దవాఖానకు తీసుకెళ్లాను, ఒకసారి ఇలాగే చుట్టాలు. మూడోసారి తప్పితే జగపతి చేతికిస్తామని పైవాళ్లు ముందే చెప్పారు. జగపతి మా టీములోని భూపాలపల్లి పిల్లవాడు, నాకంటే ఆరేళ్లు చిన్న, నోరారా అక్కా అంటాడు. వాడి మీద కోపం తెచ్చుకుందామన్నా రాదు.

ఒక్క అరగంట పొయ్యి దగ్గర నిలబడమని అత్తమ్మను అడిగాను. ఆమె కసురుకోలేదు. టీవీలోంచి కళ్లు తీయకుండానే, "ఫోన్ల ఎప్పుడన్న మాట్లాడొచ్చు బిడ్డా. పొయ్యి మీది కూర ఆగుతదా?" అంది.

మా ఆయనకు ఫోన్ చేస్తే, మనుషుల్లో ఉన్నాను, పరేషాన్ చేయకు అన్నాడు. పదకొండుకు రెండు నిమిషాలుందనగా, అల్లం వెల్లుల్లి అంటిన వేళ్లతోనే ఆఫీసుకు రాసి పంపాను, ఇవాళా కుదరదు, జగపతిని చెప్పమనండి అని. ఏడవాలనిపించింది. కుక్కర్ విజిల్ వేసింది.

ఒంటిగంటకు అందరూ తింటుంటే జగపతి ఫోన్ చేశాడు. "అక్కా, అయిపోయింది. అందరికి మస్తు నచ్చింది. నీ కోడ్ల ఒక్క లైను తీసేసిన. వెనక్కి పోయినదాని పాత టోకెన్ దాచే లైను. అది లేకున్నా టెస్టులన్నీ పాసయినయి."

అసలు ప్రాణమంతా ఆ లైనులోనే ఉంది. వెనక్కి తగ్గింది మళ్లీ వచ్చినప్పుడు కొత్తగా వచ్చినట్టు లెక్క కట్టకూడదు. పాత టోకెన్ చేతిలో ఉంటేనే, ఎన్నిసార్లు తగ్గినా ఏదో ఒకనాటికి అందరికంటే అదే ముందు వచ్చినదవుతుంది, వంతు దొరుకుతుంది. ఆ లైను తీసేస్తే తగ్గేది తగ్గుతూనే ఉంటుంది. తెర మాత్రం ఎక్కడా ఆగదు. చూసేవాళ్లకు అంతా బాగానే నడుస్తున్నట్టుంటుంది.

టెస్టు ఎంతసేపు నడిపావని అడిగాను.

"పది నిమిషాలక్కా. ఎక్కడ ఏం ఆగలే."

ముందు గదిలోంచి పెరుగు తెమ్మని మా ఆయన కేకేశాడు. గిన్నె అందుకున్నాను.

"పది నిమిషాల్ల తెల్వది జగపతీ," అన్నాను. "నాకు పదకొండేండ్లు పట్టింది."