బార్బడోసు ప్రయాణం

"అంత దూరం వెళ్ళి ఏం చేస్తావే?" అంది ధనమ్మ.

సుగుణ పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని మట్టగిడసల్ని బూడిదతో రుద్దుతోంది. చెయ్యి ఆపకుండానే, "ఏమీ చెయ్యనండీ అత్తయ్యా," అంది.

"ఏమీ చెయ్యకపోవడానికి సముద్రాలు దాటాలా? మంగినపూడి వెళ్ళి ఇసుకలో కూచుంటే సరిపోదూ? సాయంత్రానికి ఇంటికొచ్చి వంట చేసుకోవచ్చు. నేను ఎనిమిది మందిని కన్నాను. ఇద్దరే మిగిలారు. నేనేమన్నా ఓడలెక్కి తిరిగానా?"

సుగుణ ఇంకో చేప అందుకుంది. అత్తగారి మాటల్లో ఎగతాళి ఎంతో ఏడుపెంతో ఆమెకి ఎప్పుడూ తేలేది కాదు.

ఆ ఏడాది, అంటే పంతొమ్మిది వందల అరవై ఒకటిలో, సుగుణ మూడో బిడ్డని కూడా మట్టికిచ్చింది. మూడూ నెలలు నిండిన కాన్పులే, మూడూ ఏడవని బిడ్డలే. ఆస్పత్రిలో లేడీ డాక్టరుగారు సుగుణనీ, ఆమె భర్త రాజారత్నాన్నీ గదిలోకి పిలిచి తలుపు వేసి మరీ ఆయనతో చెప్పింది. "ఇంకో కాన్పు వస్తే తల్లి దక్కదండీ. ఈమెని కొన్నాళ్ళు వేరే గదిలో ఒక్కతినీ పడుకోనివ్వండి. కనీసం ఏడాది విశ్రాంతి కావాలి." రాజారత్నం బడిలో ఇన్‌స్పెక్టరు ముందు నిలబడ్డట్టు చేతులు కట్టుకుని అన్నిటికీ తలూపాడు. తిరుగు దారిలో రిక్షాలో మాత్రం, "పెళ్ళీ పెటాకులూ లేని మనిషి. ఆవిడకేం తెలుసు సంసారం సంగతి!" అన్నాడు. కొన్నాళ్ళు వరండాలో మడత మంచం వేసుకున్నాడు. చలిగాలి తగులుతోందని మళ్ళీ లోపలికి వచ్చేశాడు. అప్పట్నుంచీ సుగుణకి నెల తిరిగేసరికి వణుకే. బడిలో రెండో తరగతి పిల్లలకి ఎక్కాలు చెప్పిస్తూ, గంజి వారుస్తూ, ఆదివారం గుళ్ళో పాట పాడుతూ, లోపల్లోపల ఒకటే లెక్క. వచ్చిందని తెలిస్తే బతికినట్టు, రాకపోతే ఉరిశిక్ష చదివి వినిపించినట్టు.

అలాంటి రోజుల్లో బార్బడోసు నుంచి పిలుపొచ్చింది. సుగుణ నాగాయలంక దగ్గర ఒక పల్లెలో చర్చి ఉపదేశి కూతురు. చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోతే బందరు మిషను బోర్డింగులో అక్కడి దొరసాని మిస్సమ్మగారే పెంచి చదివించింది. ఆ మిస్సమ్మగారు రిటైరై, వెస్టిండీసులోని ఆ దీవిలో చెల్లెలి ఇంట్లో ఉంటోంది. లేడీ డాక్టరు ద్వారా సంగతి తెలిసి, ఓడ చార్జీలు తానే కట్టి, మూడు నెలలు వచ్చి ఉండమంది. "ఇక్కడ నీకు పనేమీ ఉండదు. మేడ మీద గది నీది. కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది. నిద్రపో, లే, మళ్ళీ నిద్రపో," అని రాసింది.

సుగుణ బడిలోని అట్లాసులో ఆ దీవిని వెతికింది. ఆవగింజంత ఉంది. వేలు పెడితే వేలి కిందే దాక్కుంది. ఆ రోజు నుంచి ఆమె ప్రయాణం మొదలైపోయింది. పిండి రుబ్బుతుంటే ఓడలో ఉండేది. ధనమ్మ స్నానానికి నీళ్ళు తోడుతుంటే మేడ మీద గదిలో ఉండేది. ఆ గదిలో ఆమె పెద్దగా ఏమీ కోరుకోలేదు. ఒక్క మనిషికి సరిపడే మంచం. లోపల్నుంచి వేసుకునే గడియ. పొద్దున ఎవరూ "కాఫీ ఏదీ?" అని అడగకపోవడం. ఎన్ని చీరలు పెట్టుకోవాలి, ఇంగ్లండులో ఓడ మారేటప్పుడు చలికి ఏం కప్పుకోవాలి అని ఆలోచిస్తూ ఒకసారి పప్పు మాడ్చింది కూడా. పదేళ్ళ కాపురంలో ఆమె మాడ్చిన మొదటి పప్పు అది.

రాజారత్నం మొదట నవ్వాడు. హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టరు, పిల్లలకి క్రికెట్టు నేర్పేదీ ఆయనే. ఒకనాడు పేపర్లో ఆటల పేజీ చదువుతూ లేచి నిలబడ్డాడు.

"సుగుణా! మనవాళ్ళు వెస్టిండీసు వెళ్తున్నార్ట! మార్చిలో బార్బడోసులోనే టెస్టుమాచి!"

ఆ సాయంత్రం నుంచీ ఆయనకి భార్య ఆరోగ్యం మీద బెంగ పుట్టింది. ఆడది ఒక్కతీ ఓడెక్కితే లోకం ఏమంటుందన్నాడు. తానూ తోడొస్తానని మిస్సమ్మగారికి రాశాడు. ఆ మంచి మనిషి సరేనని ఇంకో టిక్కెట్టు కూడా కట్టింది. ఇక ప్రయాణం వంటింట్లోంచి వరండాలోకి వచ్చేసింది. రోజూ స్నేహితులొచ్చేవారు. ఏ ఓడ బాగుంటుంది, అక్కడ ఎండెలా ఉంటుంది, గ్రౌండుకి ఇల్లెంత దూరం అని మాటలు. తన విశ్రాంతి గురించి మగాళ్ళు చర్చించుకుంటుంటే సుగుణ వాళ్ళకి కాఫీలు అందించేది. "పెళ్ళాం కోసం ఉద్యోగానికి సెలవు పెట్టి మరీ వెళ్తున్నాడయ్యా, ఎంత త్యాగం!" అన్నాడో పెద్దమనిషి, గ్లాసు ఆమె చేతికి తిరిగిస్తూ.

టీకాలు వేయించుకున్నారు. ఇద్దరికీ జ్వరమొచ్చింది. ఆయన పడుకున్నాడు. వాచిన చేత్తోనే ఆయన నుదుటి మీద తడిగుడ్డ మార్చింది సుగుణ. మద్రాసు నుంచి పాస్‌పోర్టు వచ్చింది. ఒకటే వచ్చింది. అందులో ఆయన ఫొటో, పక్కన ఆమె ఫొటో. తన పుస్తకమేదని ఆమె అడిగితే ప్రయాణాల ఏజెంటు నవ్వాడు. "మీకు వేరే ఎందుకమ్మా? మాస్టారిదే మీదీనూ. దీనిమీద ఆయనొక్కరూ వెళ్ళొచ్చు, మీతో కలిసీ వెళ్ళొచ్చు. మీరొక్కరూ వెళ్ళడానికే లేదు."

డిసెంబరులో ధనమ్మ నూతి పళ్ళెంలో కాలు జారి పడింది. ఎముకలేమీ విరగలేదు కానీ నడుం పట్టేసింది. సుగుణే ఎత్తి మంచం మీద పడుకోబెట్టింది.

"అమ్మనిలా వదిలేసి ఇద్దరం ఎలా వెళ్తాం?" అన్నాడు రాజారత్నం.

సుగుణ గుండె ఒక్క క్షణం ఎగిరింది. ఆయన ఉండిపోతాడేమో. తనకి వేరే పాస్‌పోర్టు లేదన్న సంగతే గుర్తురాలేదు.

"నేను వెళ్ళి మిస్సమ్మగారికి నచ్చజెప్పి వస్తాను. నా టిక్కెట్టు కూడా దండగైపోవడం దేనికి? అయినా నేను ఊళ్ళో లేకపోతే నీకిక్కడే విశ్రాంతి కదా."

సుగుణ ఆయన మొహంలోకి చూసింది. ఇన్నాళ్ళూ ఈయనకి తెలియదేమో, మగాడు, చెప్తే అర్థమవుతుందేమో అని తనకు తాను సర్ది చెప్పుకుంటూ వచ్చింది. డాక్టరుగారి మాటలు మర్చిపోయాడనుకుంది. మర్చిపోలేదు. తనకి ఎవరి నుంచి విశ్రాంతి కావాలో కూడా ఆయనకి తెలుసు. తెలిసే ఇన్ని నెలలూ తలుపు తోసుకుని వచ్చాడు.

"తిరిగొచ్చాక?" అంది.

"వచ్చాక ఏముంది? దేవుడి దయ ఉంటే ఈసారి నిలుస్తుంది," అన్నాడాయన, సూట్‌కేసు తాళం సరిగ్గా పడుతుందో లేదో చూసుకుంటూ.

మర్నాడు నీళ్ళు తోడుతూ సుగుణ నూతిలోకి వంగి చాలాసేపు ఉండిపోయింది. లోపల చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. అక్కడా ఎవరూ కాఫీ అడగరు. చేద అంచుకి కొట్టుకుని ఠంగుమంటే ఉలిక్కిపడి వెనక్కి జరిగింది. బడికి వెళ్ళింది గానీ తరగతికి వెళ్ళలేదు. వెనకవైపు హాస్టలుకి వెళ్ళి, బియ్యం ఏరిస్తున్న మేట్రన్ భాగ్యమ్మ ముందు నిలబడింది.

"ఇక్కడ గదేమన్నా ఖాళీ ఉందా అండీ?"

"పిల్లలెవరన్నా వస్తున్నారా?"

"నాకేనండీ."

భాగ్యమ్మ చేట పక్కన పెట్టింది. సుగుణ మొహం చూసి కారణం అడగలేదు. "నా పక్క గది ఉంది. సున్నం వేయించాలి," అంది. బొడ్లోంచి తాళాలు తీస్తూ, "సున్నానికేముందిలే, ఎప్పుడైనా వేయించుకోవచ్చు," అంది.

జనవరిలో రాజారత్నం బయల్దేరే ముందు రోజు సాయంత్రం ఇంట్లో ప్రార్థన పెట్టారు. హాలు నిండా చాపలు పరిచారు. పాస్టరు జ్ఞానయ్యగారు వాక్యం చదివి నాలుగు మాటలు చెప్పారు. రాజారత్నం కొత్త కోటు వేసుకుని మధ్యలో కూర్చున్నాడు. ధనమ్మ గోడకి ఆనుకుని కూర్చుంది. ఇప్పుడు కర్ర సాయంతో నడుస్తోంది. సుగుణ వంటింటి గుమ్మంలో నిలబడింది, పొయ్యి మీద టీ నీళ్ళు మరుగుతున్నాయి.

"మన సోదరుడి ప్రయాణం కోసం ఆయన భార్య ప్రార్థన చేస్తారు. అందరం తలలు వంచుదాం," అన్నారు జ్ఞానయ్యగారు.

అందరూ కళ్ళు మూసుకున్నారు. సుగుణ కొంగు తల మీదికి లాక్కుంది. మామూలుగా ఇలాంటప్పుడు ఆమె గొంతు ముందు వరసకి కూడా వినపడేది కాదు.

"ప్రేమగల తండ్రీ, నా భర్తని సముద్రం మీద కాపాడు. క్షేమంగా తీసుకెళ్ళి క్షేమంగా తీసుకురా."

"అవును ప్రభువా," అన్నాయి గొంతులు.

"అత్తయ్యగారి నడుముకి బలమియ్యి. ఆమెని చూసుకోవడానికి రేపు గుడివాడ నుంచి ఆమె కూతురు, మా వదినగారు వస్తున్నారు. నేనే కబురు పెట్టాను. ఆమె ప్రయాణం సఫలం చెయ్యి."

రాజారత్నం కదిలాడు. కొత్త కోటు పరపరమంది.

"తండ్రీ, ఇంకో కాన్పు వస్తే నేను చచ్చిపోతానని డాక్టరుగారు చెప్పారు. నా భర్తతోనే చెప్పారు. ఆయన వినలేదు. నువ్వు విన్నావు."

"సుగుణా," అన్నాడు రాజారత్నం పళ్ళ మధ్య నుంచి. ఎవరో దగ్గారు. ఒక్కరూ కళ్ళు తెరవలేదు. దేవుడితో మాట్లాడుతున్న మనిషిని మధ్యలో ఆపడం ఎలాగో అక్కడ ఎవరికీ తెలియదు. ఆశీర్వదించడానికి ఎత్తిన జ్ఞానయ్యగారి చెయ్యి గాలిలోనే ఉండిపోయింది.

సుగుణ గొంతు తగ్గించలేదు.

"రేపటి నుంచి నేను బడి హాస్టల్లో భాగ్యమ్మగారి పక్క గదిలో ఉంటాను. ఆయన తిరిగొచ్చాక కూడా అక్కడే ఉంటాను. నాకు బతకాలని ఉంది తండ్రీ. యేసు నామమున అడుగుచున్నాము, ఆమేన్."

గోడ దగ్గర్నుంచి, అందరికంటే ముందు ధనమ్మ గొంతు గట్టిగా పలికింది.

"ఆమేన్."