తరి శిస్తు

పోలీసు చర్య జరిగి ఏడాది దాటాక, నకిరేకల్‌కు తూర్పున ఉన్న రేగులకుంటకు మళ్ళీ శిస్తు వసూలు చేసే మనుషులు వచ్చారు. అంతకు ముందు కొన్నాళ్లు ఆ ఊళ్ళో సర్కారన్నది లేదు. దొరల మీద తిరగబడ్డ రైతుల సంఘమే ఉండేది. అప్పుడు దొర హైదరాబాదుకు పారిపోయాడు, పట్వారీ అతని వెనకే పోయాడు. ఇప్పుడు పట్వారీ తిరిగొచ్చాడు. దొర కోటలాంటి గడిలో పోలీసు క్యాంపు దిగింది.

గోపమ్మ మగడు భీమయ్య సంఘంలో తిరిగినందుకు నల్లగొండ జైల్లో ఉన్నాడు. ఆమెకు మిగిలింది కుంట కింద ఒక మడి, ఒక పాడిబర్రె, ఇద్దరు ఆడపిల్లలు.

వసూలు చూసే గిర్దావరు చావడి ముందు కూర్చొని ఆమెను పిలిపించాడు. పట్వారీ చదివాడు. ఆమె మడి తరి, అంటే నీళ్లు పారే భూమి. ఖుష్కి భూమికన్నా, అంటే మెట్టకన్నా, దానికి శిస్తు చాలా ఎక్కువ. సంఘం నాటి బకాయి కూడా కలిపి కట్టాలి.

"ఖుష్కి శిస్తు తెచ్చిన, తీస్కోండ్రి," అంది గోపమ్మ కొంగుముడి విప్పుతూ. "తరి శిస్తు మాత్రం ఇయ్య."

"వరి పండించినవ్ గద?" అన్నాడు పట్వారీ.

"పండించిన. గా నీళ్లెక్కడియి? కుంట తెగినప్పుడు నీ చుట్టు ఎంత తిరిగినం! ఎండిన మడికి గూడ తరి శిస్తే గుంజుకపోయిన్రి. ఒక్క తట్ట మన్ను పోసిన్రా? సంఘమొచ్చినంక మేమే పూడ్చుకున్నం. ఉన్నోళ్లు జొన్నలిచ్చిన్రు, లేనోళ్లు రెక్కలిచ్చిన్రు. గీ చిన్నది కడుపుల ఉండంగ నేను మన్ను మోసిన. గా నీళ్లు మాయి."

"శిస్తు ఎగ్గొట్టుమని జైల్ల కూసోని నీ మొగడు చెప్పిండా?" అన్నాడు గిర్దావరు.

"ఎగ్గొట్టుడు గాదు. సంఘానికి గూడ ఇచ్చిన. ఇచ్చింది కట్టయి నిలవడ్డది, కండ్లతోని చూసిన. మీకిచ్చింది ఏమైందో చెప్పుండ్రి."

గిర్దావరు జవాన్ల వైపు తిరిగాడు. జప్తు చేయమన్నాడు. జవాన్లు బర్రెను విప్పుకొని పోతుంటే పెద్దపిల్ల ఏడుస్తూ వెంటపడింది. గోపమ్మ చిన్నదాన్ని చంకనేసుకొని, ఇంటి తలుపైనా వేయకుండా నకిరేకల్ దాకా బర్రె వెనకే నడిచింది. పొరుగింటి ఉప్పలమ్మ ఆమెతో కదిలింది. ఉప్పలమ్మను చూసి మరికొందరు ఆడవాళ్లు కదిలారు.

మర్నాడు సంత. తహసీలు కచేరీ ముందు బర్రెను హర్రాజు పాటకు పెట్టారు. తహసీల్దారు కృష్ణా జిల్లా నుంచి కొత్తగా వచ్చినవాడు. ఎదురుగా కదలకుండా నిలబడ్డ ఆడవాళ్లను చూసి నచ్చజెప్పబోయాడు.

"చూడమ్మా, దొరల కాలం పోయింది. ఇప్పుడిది ప్రజల ప్రభుత్వం. మీరు కట్టే శిస్తుతోనే గదా రోడ్లూ, బడులూ, ఆసుపత్రులూ వచ్చేది!"

"మా ఊరికి ఒక్కటే వచ్చింది సారూ, పోలీసు క్యాంపు. మమ్ముల కొట్టే లాఠీకి మేమే పైసలియ్యాల్నా?" అంది గోపమ్మ.

తహసీల్దారు ముఖం ఎర్రబడింది. "పాట మొదలుపెట్టండి," అన్నాడు.

జప్తు పశువులను ఎప్పుడూ కొనేది వహీద్ అనే బేరగాడు. చవగ్గా వస్తాయని ముందే వచ్చి కూర్చునేవాడు. ఆ రోజూ వచ్చాడు. గోపమ్మ చంకలోని పిల్లను చూశాడు, బర్రెను చూశాడు, పాట పాడలేదు.

గిర్దావరు అతని పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు. "ఏం వహీద్, పాడవా? నువ్వు రజాకార్లల్ల తిరిగినవని రాస్తే ఏమైతదో ఎరికేనా?"

ఆ ఒక్క మాటతో ఆ ఏడాది ఎందరో జైళ్లకు పోయారు. అయినా వహీద్ లేచి నిలబడి, అందరికీ వినబడేలా అన్నాడు.

"రాసుకోండ్రి సాబ్. నేను గూడ సంతల జాగాకు తైబజారీ పన్ను కడుతున్న. గీ బజార్ల మోకాళ్లదాక బురద. ఎవరన్న ఇంత మొరం పోసిన్రా? గామె అడిగిందే నేను అడుగుతున్న. గీ బర్రె నాకొద్దు."

ఇంకెవరూ పాడలేదు. వారం తిరిగి మళ్ళీ సంత వచ్చింది, మళ్ళీ పాట పెట్టారు, అప్పుడూ అంతే. బర్రె జవాన్లను పొదుగు ముట్టనివ్వలేదు. కచేరీలో ఎవరినీ పని చేసుకోనివ్వకుండా అరిచింది. దాని మేత ఖర్చు సర్కారు నెత్తిన పడింది.

చివరికి తహసీల్దారే రేగులకుంటకు వచ్చాడు. గోపమ్మ అతన్ని కుంట కట్ట మీదికి తీసుకుపోయింది. అటూ ఇటూ నల్లటి పాత కట్ట, నడుమ ఎర్రమట్టితో పూడ్చిన గండి. అతను దాని మీదికి ఎక్కి బూటుకాలితో తొక్కి చూశాడు.

"నీకు ఈ ఏడాది మెట్ట శిస్తే రాస్తాను. బర్రెను తోలుకుపో," అన్నాడు. "బకాయి సంగతి పైవాళ్లకు రాస్తాను."

"కుంట కింద మడి ఉన్నోళ్లందరికి గట్లనే రాయుండ్రి."

"నీ సంగతి నువ్వు చూసుకోమ్మా."

"గీ కట్ట నేనొక్కదాన్నే పోసిన్నా సారూ?"

అతను జీపెక్కాడు.

గోపమ్మ ఖుష్కి శిస్తు కట్టి, రసీదు తీసుకొని, బర్రెను ఇంటికి తోలుకొచ్చింది. ఆ మరుసటి రోజు గిర్దావరు మళ్ళీ చావడి ముందు కూర్చొని కుంట కింద మడులున్న మిగిలినవాళ్లను పిలిపించాడు. పిలిచిన ప్రతివాళ్లూ వచ్చారు. అందరూ ఖుష్కి శిస్తే తెచ్చారు. గిర్దావరు రాములు ఎడ్లనూ, కౌసల్య ఇత్తడి గంగాళాన్నీ జప్తు చేయించి నకిరేకల్‌కు తరలించాడు. ఈసారి వాటి వెనక ఊరంతా నడిచింది.