సొంత చేతికి జీతం

సరస్సు మీద మంచు పగుళ్ళిచ్చే రోజులొస్తే లెహ్తిసాల్మి ఊరంతటికీ ఒక్కసారే పడవలు గుర్తొస్తాయి. చలికాలమంతా కొట్టాల్లో మూలపడేసిన పడవ మోటార్లను బండ్ల మీద వేసుకుని, వాటిని బాగుచేసే ఇల్పో షెడ్డు ముందు వరస కడతారు. ఆ వసంతకాలపు సంపాదనే అతనికి ఏడాది తిండి. సరిగ్గా అప్పుడే, తన గుమ్మం ముందు జారకుండా చల్లాల్సిన ఇసుక తనే చల్లకుండా వదిలేసిన ఐసు మీద జారి, కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు.

ఆస్పత్రిలో కట్టు కట్టారు. చెయ్యి నొప్పి ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది, పనికి పోలేని రోజులకు బీమావాళ్ళిచ్చే భత్యం కోసం ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి చెప్పిన మాట. ఆమె చెప్పిన మొత్తంతో కుక్కను కూడా సాకలేడు.

"ఇన్నేళ్ళ నుంచీ కడుతున్నాను కదమ్మా!"

"మీ పనికి మీరు వేసుకున్న విలువను బట్టే భత్యం వస్తుందండీ. మీరు అన్నిటికన్నా కింది అంకె రాశారు."

రాశాడు మరి. సొంత పని చేసుకునేవాడు తన పని ఏడాదికి ఎంత చేస్తుందో తనే చెప్పుకోవాలి. పింఛనుకు కట్టేదీ, మంచాన పడితే వచ్చేదీ ఆ అంకెతోనే కొలుస్తారు. తక్కువ రాస్తే తక్కువ కట్టొచ్చు. ఊళ్ళో షెడ్డున్న ప్రతి మగాడూ అలాగే రాసి, కాఫీ బల్ల దగ్గర సర్కారును బోల్తా కొట్టించినట్టు మీసం దువ్వుకున్నవాడే. పైగా నవంబరులో ఎవరి ఆదాయమెంతో, ఎవరు ఎంత పన్ను కట్టారో సర్కారే జాబితా వేసి బయటపెడుతుంది. ఇల్పో పేరు పక్కన చిన్న అంకె కనబడితే అదొక పెద్దమనిషితనం. పెద్ద అంకె ఉన్నవాడిని ఊరు ఏడాది పొడుగునా కళ్ళతోనే నమిలేస్తుంది.

అలా నమిలించుకున్న మనిషి అతని సొంత వదిన హిల్కా. అన్న రైమో పోయాక రేవు పక్కన తివాచీలు ఉతికే దుకాణం పెట్టింది. పాత బట్టల పేలికలతో నేసిన ఆ తివాచీలు తడిస్తే దున్నపోతంత బరువు. వాటిని ఉతికే మనిషి, పన్నుల జాబితాలో పళ్ళ డాక్టరుకు ఒక్క మెట్టే కింద ఉంటుంది! ప్రతి నెలా ఒకటో తారీఖున దుకాణం ఖాతాలోంచి ఇంటి ఖాతాలోకి ఒకటే మొత్తం జీతంగా వేసుకుంటుంది. పన్ను డబ్బుకు వేరే ఖాతా. ఇల్పో ఎన్నిసార్లు నవ్వాడో! "ఎడం చేత్తో ఇచ్చి కుడి చేత్తో పుచ్చుకోవడానికి అంత సంబరమేంటి వదినా?" అనేవాడు. ఆమె నవ్వి ఊరుకునేది. చదువుకున్నవాళ్ళు నేర్పితే వచ్చిన బుద్ధి కాదది. మొగుడు పోయిన ఏడు చేతిలో చిల్లిగవ్వ లేక, నీళ్ళలో మోకాళ్ళ దాకా నిలబడి తెచ్చుకున్న బుద్ధి.

చెయ్యి విరిగిన మర్నాడు ఆమె యాలకుల బన్నులు పట్టుకుని వచ్చింది.

"ఏమయ్యా మరిదీ, మోటార్లెవరు చేస్తారు?"

"యార్మో ఒప్పుకున్నాడు. ఓడల్లో ఇంజన్ల పనిచేసి వచ్చినవాడు. నా కంటే బాగా చేస్తాడు."

"ఎంతడిగాడు?"

చెప్పాడు. 

"బేరమాడలేదా?"

"బేరమేంటి వదినా, పనిమంతుడు! ఆ మాత్రం ఇవ్వకపోతే వాడి ముఖం చూడగలనా?"

హిల్కా కాఫీ కప్పు కింద పెట్టింది. "ఆ బీమావాళ్ళు అడిగేది కూడా అదేగా. నీ పని ఇంకొకడి చేత చేయిస్తే వాడికెంతివ్వాలీ అని. యార్మోకైతే నోరెత్తకుండా ఇస్తున్నావు. ఇన్నేళ్ళూ ఇల్పో అనేవాడికి ఎంతిచ్చావు?"

"నాది నాకెందుకు ఇచ్చుకోవడం? మిగిలింది తిన్నాను."

"మిగలని నెల?"

"తినలేదు." నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

యార్మో పనిలోకి దిగాడు. చెయ్యి తిరిగినవాడు. చెవి ఆనిస్తే చాలు, మోటారు రోగం చెప్పేస్తాడు. వరస తరుగుతోంది, గిరాకీ బాగుంది. కానీ వారం తిరిగి అతని కూలి చేతిలో పెట్టాక ఇల్పో లెక్క చూసుకున్నాడు. వచ్చినదంతా యార్మోకూ, సామాన్లకూ పోయింది. తనకు చిల్లిగవ్వ లేదు. ఇలాగే నడిస్తే మంచు పూర్తిగా కరిగేలోపు షెడ్డుకు తాళం పడుతుంది.

ఖాతాలో డబ్బు లేక కాదు. ఉంది. జనం దగ్గర వసూలు చేసి, మే నెలలో సర్కారుకు కట్టాల్సిన వ్యాట్ పన్ను అందులోనే కలిసి ఉంది. అందులోంచి తీసి వచ్చే వారం యార్మోకు ఇస్తే సరి, తర్వాత సంగతి తర్వాత. నిరుడు అలాగే చేశాడు, వడ్డీతో కట్టాడు. ఫోన్లో బ్యాంకు ఖాతా తెరిచి, ఎడమ చేత్తో అంకెలు నొక్కబోయి ఆగాడు. బూట్లేసుకుని రేవుకు నడిచాడు.

హిల్కా తివాచీని పిండే యంత్రంలోకి తోస్తోంది. అతను చెప్పిందంతా విన్నది.

"అప్పు అడుగుతావేమో అనుకున్నా," అంది.

"ఇస్తావా?"

"ఇవ్వను. ఇస్తే వచ్చే వసంతంలో మళ్ళీ ఇక్కడే నిలబడతావు. ఆ వ్యాట్ మీద చెయ్యి వేశావో, రెండో చెయ్యీ నేనే విరగ్గొడతా. అది నీ డబ్బు కాదయ్యా. దారిన పోతూ నీ దగ్గర కాసేపు కూర్చుంది, అంతే."

"మరి చచ్చిపోనా?"

"మోటారు బాగు చేయడానికి ఎంత తీసుకుంటున్నావు?"

"ఎప్పుడూ తీసుకునేదే."

"ఆ రేటులో నీ కూలి ఎప్పుడైనా ఉందా? లేదు గనకే యార్మోకు ఇస్తే అడుగంటుతోంది. రేటు పెంచు."

ఇల్పో ముఖం కందగడ్డయింది. ఆ ఊళ్ళో మనిషి గుడ్డలు విప్పుకుని ఆవిరి గదిలో పదిమంది మధ్య కూర్చుంటాడు, సిగ్గుపడడు. తన పని ఖరీదు ఎదుటివాడి ముఖం మీద చెప్పమంటే మాత్రం చచ్చిపోతాడు. "జనం పోతారు వదినా. పట్నంలో పెద్ద కొట్టు ఉంది."

"కొందరు పోతారు. నా దగ్గర్నించీ పోయారు. వాళ్ళు పోయాకే నాకు నడుము నొప్పి తగ్గింది."

మర్నాడు మొదట వచ్చినవాడు ఓస్మో. చిన్నప్పటి స్నేహితుడు, చేపల వలలవాడు. వీడికి చెప్పగలిగితే ఎవరికైనా చెప్పగలడు. ఇల్పో కట్టు ఉన్న చేతిని బల్ల కింద దాచి, కొత్త రేటు చెప్పాడు. గొంతు కీచుమంది.

"ఏంట్రా? మళ్ళీ చెప్పు!"

మళ్ళీ చెప్పాడు. ఈసారి గొంతు కాస్త నిలబడింది.

"చెయ్యి విరిగితే నా జేబు విరగ్గొడతావా? స్నేహితుడివని వచ్చాను చూడు, నాకు బుద్ధి లేదు!"

"స్నేహితుడివి గనకే ఇన్నేళ్ళూ ఊరికే చేశానురా ఓస్మో. అందులో నా కూలి లేదు. ఇప్పుడు కలిపాను."

ఓస్మో యార్మో వైపు చూశాడు. యార్మో తలెత్తకుండా నట్టు బిగించుకుంటున్నాడు. ఓస్మో మోటారును బండి మీదికి మళ్ళీ ఎత్తి, తలుపు దడాలున వేసి పోయాడు.

అయిపోయింది, సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది అనుకున్నాడు ఇల్పో. తెలిసింది కూడా. ఆ వారం మోటార్లు సగానికి సగం పట్నం దారి పట్టాయి. మిగిలిన సగం మంది రేటు విని, మూతి విరిచి, మోటారు దించి వెళ్ళారు. బడి పంతులమ్మ అయితే మూతి కూడా విరవలేదు. "ఇంతవుతుందనే అనుకున్నా," అని డబ్బిచ్చి పోయింది. వారం చివర యార్మో కూలి ఇచ్చాక, వ్యాట్ పక్కకు తీశాక, ఇంకా కాస్త మిగిలింది. సగం మోటార్లతో, అంతకు ముందు వారం కన్నా ఎక్కువ! మూడుసార్లు కూడి చూసుకున్నాడు. అదే వచ్చింది. షెడ్డు నిలబడుతుంది.

ఓస్మో తిరిగి రాలేదు. రేవులో కనబడితే ముఖం తిప్పుకుంటున్నాడు. ఆ బాధ ఉంది, లేదనడం అబద్ధం.

జూన్ ఒకటో తారీఖున ఇల్పో మొట్టమొదటిసారి తన జీతం తన ఇంటి ఖాతాలో వేసుకున్నాడు. చిన్న మొత్తమే. వేసుకోగానే ఎవరి జేబులోంచో కొట్టేసినట్టు ఒళ్ళంతా ముడుచుకుపోయింది. రేవుకు వెళ్ళాడు. హిల్కా ఎండలో తివాచీలు ఆరేస్తోంది. తడి బరువుకు భుజాలు వంగినా, అడుగు తడబడ్డం లేదు.

"వదినా, ఈ సిగ్గు ఎన్నాళ్ళకు పోతుంది?"

"ఏ సిగ్గు?"

"మన జీతం మనం తీసుకుంటే వస్తుందే, అది."

ఆమె తివాచీ అంచు సరిచేసింది. "పోలేదయ్యా. ప్రతి ఒకటో తారీఖునా వస్తుంది. అయినా తీసుకుంటా."

ఇల్పో బాగున్న చేత్తో రెండో అంచు పట్టుకున్నాడు.