మోటారు మోగుతోంది

...పోయిందన్నమాటే. మోటారన్నాక ఎప్పుడో ఒకప్పుడు పోక తప్పదు, మనుషులకే తప్పనప్పుడు. ఇంతా చేస్తే గుప్పిట్లో ఇమిడిపోయే మోటారు. తను ముప్పై నాలుగేళ్ళు కనిపెట్టుకుని ఉన్నవి ఒక్కొక్కటీ ఏనుగంత. వాటి ముందు ఇది చీమ. చీమయినా సరే, ప్రాణం ఉందంటే చప్పుడుండాలి. చప్పుడు లేదంటే ఇక...

"లాగి పట్టుకో," అన్నాడు అతను, ఎత్తిన బానెట్ కిందనుంచి తల బయటికి పెట్టకుండానే.

స్టీరింగ్ ముందు కూర్చున్న భార్య లివర్‌ను తనవైపు లాగి పట్టుకునే ఉంటుంది. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. అతను ఊపిరి బిగబట్టి విన్నాడు. ఏమీ లేదు. ట్యాంకులో నీళ్ళున్నాయి, ఫ్యూజు బాగానే ఉంది. ముందు అద్దం మీదికి నీళ్ళు చిమ్మాల్సిన బానెట్ మీది రెండు బొడిపెల్లోంచి మాత్రం చుక్క రావడం లేదు.

"మోటారు పోయింది," అని తీర్పు చెప్పేశాడు. "బంపర్ విప్పాలి. కొత్తది తెచ్చి వెయ్యాలి."

బానెట్ అవతలినుంచి జవాబు రాలేదు. ఈమధ్య ఆమె దగ్గర్నుంచి జవాబులు తగ్గాయి.

తగ్గాయా? ఈ ప్రశ్న దగ్గరికి వచ్చినప్పుడల్లా అతను కాలిన గిన్నె ముట్టుకున్నవాడిలా చేయి వెనక్కి తీసుకుంటాడు. పోయిన ఏడు దోమలు తగ్గాయని కూడా ఇలాగే సంబరపడ్డాడు. సాయంత్రాలు వరండాలో ఆమె కాళ్ళూ చేతులూ చరుచుకుంటుంటే, ఈవిడకి అన్నీ చాదస్తాలే అనుకున్నాడు. ఒకరోజు ఒక దోమ అతని చెవి పక్కనుంచే ఎగిరొచ్చి ముంజేతి మీద వాలింది. పిల్లిలా వచ్చింది, చడీచప్పుడు లేకుండా. దాన్ని కొట్టడం కూడా మరిచిపోయి చూస్తూ ఉండిపోయాడు.

ముందు సన్నటి చప్పుళ్ళు పోయాయి. ఆ తర్వాత పోయింది ఆమె గొంతు. ఆమెది గ్రంథాలయంలో ఉద్యోగం. పాతికేళ్ళుగా పక్కవాడికి మాత్రమే వినపడేలా మాట్లాడడం అలవాటైన గొంతు. అతనిది నీటి సరఫరా పంపుహౌసులో కొలువు. అరిస్తే తప్ప పక్కవాడికి వినపడని చోటు. "అరవకూడనిదాన్ని అరిచేవాడికి కట్టబెట్టారు, ఇంక ఈ కాపురం సవ్యంగా సాగినట్టే!" అని పెళ్ళయిన కొత్తలో అతని తల్లి నవ్వేది. సాగింది కూడా. అతను గొంతు తగ్గించడం నేర్చుకున్నాడు. వినడం అప్పట్లో నేర్చుకోవలసిన పని కాదు.

పంపుహౌసులో అతన్ని పేరుతో పిలిచినవాళ్ళు తక్కువ. 'చెవులాయన' అనేవాళ్ళు. ఇంజనీర్లు మీటర్లు చూసి తల గోక్కుంటుంటే, అతను ఒక్క నిమిషం నిలబడి, "రెండో దాని వెనక బేరింగు. వారం రోజుల కంటే ఆగదు," అనేవాడు. ఏడో రోజుకి అదే మాట నిజమయ్యేది. అలాంటివాడు వెళ్ళి ఏ డాక్టరు ముందు కూర్చుని నాకు వినపడటం లేదండీ అంటాడు? భార్యతో మాత్రం ఏ మొహం పెట్టుకుని అంటాడు? అంతకంటే సులువైన దారి ఒకటి దొరికింది. ఆమె పెదవులు ఆగగానే తలాడించడం. దొరికిపోతే, "ఏదో ధ్యాసలో ఉన్నాలే," అనడం. పట్టించుకోని మొగుళ్ళు లోకంలో కోకొల్లలు. ఆ మందలో ఇంకొకడు చేరితే నామోషీ ఏముంది?

"మీతో చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే," అంది ఆమె ఒకసారి. అది మాత్రం స్పష్టంగా వినిపించింది. నవ్వేసి ఊరుకున్నాడు.

మొన్న అలాగే తలాడించాడు. ఆమె పుస్తకాల పెట్టెలు కారులో వేసుకుని దూరపు కాలనీలకు వెళ్ళి వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, చెప్పులు కూడా విప్పకుండా, చాలాసేపు ఏదో చెప్పింది. అతను తలాడించి, "మంచిదేగా," అన్నాడు. ఆమె ఒక్క క్షణం అతని మొహంలోకి చూసి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ చెప్పిందేమిటో ఇవాళ పొద్దున పక్కింటావిడ నోట విన్నాడు. ఎండకు ఎదురుగా వస్తుంటే ముందు లారీ లేపిన దుమ్ముకి కారు అద్దం పాల గ్లాసులా అయిపోయిందట. నీళ్ళు చిమ్మబోతే రాలేదట. కిటికీలోంచి తల బయటపెట్టి నడిపిందట. ఇంకో రెండు గజాలయితే కాలవలో ఉండేదట. రేపు మళ్ళీ అదే దారిన వెళ్ళాలి.

ఆ మాట విన్నప్పటినుంచీ అతను బానెట్ కింద ఉన్నాడు.

"ఇంకొక్కసారి లాగు," అన్నాడు. విన్నాడు. శూన్యం. "అబ్బే, పోయిందిలే."

"అన్నయ్యగారూ!" ప్రహరీగోడ మీద దుప్పటి ఆరేస్తున్న పక్కింటావిడ కేక పెట్టింది. ఆవిడ గొంతుతో అతనికి ఎప్పుడూ పేచీ లేదు. "మోటారు మోగుతోందని వదిన ఇందాకట్నుంచీ మొత్తుకుంటోందిగా! నాకే వినిపిస్తోంది ఇక్కడికి, కందిరీగలాగ!"

అతని చేతులు ఆగిపోయాయి. బానెట్ పక్కనుంచి తల వంచి చూశాడు. కిటికీలోంచి భార్య మొహం కనిపించింది. కోపంగా ఉంటే బాగుండేది. అందులో కోపం లేదు, విసుగూ లేదు. మాట వృథా పోయినా ఫరవాలేదని ఎప్పుడో సర్దుకున్న మొహం.

"తెలుసులెండి," అన్నాడు గోడవైపు. "అది సరైన మోత కాదు."

"సరేలెండి, మోతల పండితులు మీరు. మాకేం తెలుస్తుంది!" అని ఆవిడ బకెట్ తీసుకుని లోపలికి వెళ్ళింది.

మళ్ళీ బానెట్ కిందికి వంగాడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసుకుని, ట్యాంకు పక్క సందులోంచి దించి, మొన మోటారుకి ఆనించాడు. పిడిని చెవి వెనక ఎముకకి నొక్కిపెట్టుకున్నాడు. పంపుహౌసులో ఏనుగుల నాడి ఇలాగే చూసేవాడు.

"లాగు."

పుర్రెలోపల ఎక్కడో చిన్నగా, నిండుగా, నిక్షేపంలాంటి మోత. జబ్బూ లేదు, అలుపూ లేదు. ఇంతసేపూ అది తన పని తను చేస్తూనే ఉంది. పోయిందని తీర్పిచ్చింది తను. కళ్ళు చెమర్చాయి. వంగుని ఉండడం మంచిదే అయింది.

బొడిపెకు తగిలించిన సన్నటి గొట్టం ఊడబీకాడు. "ఊఁ," అన్నాడు. గొట్టంలోంచి నీళ్ళు చివ్వున లేచి చొక్కా తడిపేశాయి. అంటే ఇక్కడివరకూ అంతా బాగే. బొడిపె రంధ్రమే మూసుకుపోయింది, తెల్లటి ఉప్పుతో, పంటి గారలాగ.

చొక్కా తడవడం చూసి కాబోలు, ఆమె దిగి వచ్చింది. రెండు జానల దూరంలో ఎదురుగా నిలబడితే ఆమె మాట ఇప్పటికీ అందుతుంది.

"ఏమిటట?"

"కుళాయి నీళ్ళ ఉప్పు. పేరుకుపోయింది."

"ఊరందరికీ ముప్పై నాలుగేళ్ళు నీళ్ళిచ్చారు. ఇంట్లో కారుకి ఇవ్వలేకపోయారు," అంటూ గాజుకున్న పిన్నీసు తీసి ఇచ్చింది. ఆమె పెదవి చివర నవ్వు. ఎన్నాళ్ళయింది!

ఇప్పుడు చెప్పవచ్చు అనుకున్నాడు. ఆమె ఎదురుగానే ఉంది, గోడ మీద ఎవరూ లేరు. నోరు తెరిచాడు. "పిన్నీసు పనికొస్తుంది," అన్నాడు.

ఆమె వెళ్ళి మళ్ళీ కూర్చుంది. అతను రంధ్రాలు పొడిచి, నోటితో ఊది, గొట్టం తగిలించి, బానెట్ దించాడు. కారు ముందు నిలబడి చెయ్యి ఊపాడు.

రెండు బొడిపెలూ ఒక్కసారే చిమ్మాయి. ఒక పాయ అద్దం దాటి కారు పైకప్పు మీద పడింది. మరొకటి దుమ్ము మీద పడి బురదై జారింది. వైపర్లు కిర్రుమని రెండుసార్లు తిరిగాయి. కిర్రుమనే ఉంటాయి. అద్దం అవతల ఆమె మొహం బయటపడింది. ఆమె అతన్నే చూస్తూ ఏదో అంటోంది. చిన్న మాటేమీ కాదు. పెదవులు కదులుతూనే ఉన్నాయి, ఒకసారి నవ్వు అడ్డం వచ్చి ఆగింది, మళ్ళీ మొదలుపెట్టింది.

మాట అయిపోయింది. ఆమె కళ్ళు అతని మీద నిలిచాయి.

అతని గడ్డం దానంతటదే కిందికి దిగబోయింది. ఇక్కడ తలాడించాలి. బాగుంది అన్నట్టు చెయ్యి ఎత్తాలి, పనిముట్లు సర్దుకోవాలి. ఆమె దిగి లోపలికి వెళ్ళిపోతుంది. అంతా ఎంత సులువు!

గడ్డం మధ్యలో ఆగింది.

స్క్రూడ్రైవర్ బానెట్ మీద పెట్టి, కారు చుట్టూ నడిచి ఆమె వైపు తలుపు దగ్గరికి వెళ్ళాడు. తలుపు తీశాడు. కీళ్ళు నొప్పెడుతున్నా నేలమీద గొంతుక్కూర్చున్నాడు.

"ఏమన్నావు?" అన్నాడు. "నాకు వినపడలేదు."

ఆమె కళ్ళలో ఏదో మెల్లగా అర్థమవుతూ వస్తోంది. అతను దాన్ని తప్పించుకోకుండా చూశాడు. తర్వాత తల పక్కకి తిప్పి, కొంచెం నయంగా ఉన్న కుడిచెవిని ఆమె పెదవుల దగ్గరికి వంచాడు.