ఎగాన్ రెండో వడ్డన

గెర్లిండెకు ఆ రోజు సాయంత్రం ఐదింటిదాకా గడువు. కంప్యూటర్‌ను నడిపే మూల ప్రోగ్రాం కెర్నల్. అందులో ఆమె పనిచేసే భాగానికి పెద్దదిక్కు తోర్బెన్. ఉత్తర జర్మనీలోని కీల్ నుంచి మెయిలు పంపాడు, యంత్రం ఎందుకు బిగుసుకుపోతోందో ఆలోగా చెప్పకపోతే ఆమె కోడ్‌ను తీసి పక్కన పడేస్తానని. పొడి పొడి రెండు వాక్యాలు, పలకరింపు కూడా లేదు. ఉత్తరాదివాళ్లు మాట పొదుపు. మేం దక్షిణాన ష్వాబియావాళ్లం, పిసినారులని పేరు, పొదుపు విషయంలో ఒకరిని అనే అర్హత మాకు లేదనుకోండి.

నడుస్తున్న యంత్రంలోంచి ప్రాసెసర్‌ను పీకేసినా, తిరిగి పెట్టినా, పని ఎక్కడా ఆగకుండా మిగతావాటికి పంచే కోడ్ అది. ఏడాదిగా గెర్లిండెకు అదే లోకం. ఇది కూడా పోతే ఆమెను ప్రింటర్ల విభాగానికి పంపేస్తానని మా మేనేజరు ముందే చెప్పేశాడు. ప్రింటరంటే గెర్లిండెకు పామంత భయం.

ఇందులో ఒక పద్ధతుంది. ప్రాసెసర్లతో పనిబడ్డ ఏ కోడైనా ముందు ‘కదపొద్దు’ అని ఒక తాళం పట్టుకోవాలి. అది ఒకేసారి ఎంతమందైనా పట్టుకోవచ్చు. ప్రాసెసర్‌ను పీకేవాడు మాత్రం వాళ్లంతా వదిలేదాకా ఆగాలి. అలాగని వాడు వచ్చి నిలబడ్డాక కూడా కొత్తవాళ్లకు తాళం ఇస్తూ పోతే వాడి వంతు ఎప్పటికీ రాదు. అందుకే వాడి పని అయ్యేదాకా కొత్తగా ఎవరికీ ఇవ్వరు.

పరీక్షల యంత్రాన్ని చూసుకునే ఎగాన్ పొద్దుటినుంచి ప్రాసెసర్లను పీకుతూ, పెడుతూనే ఉన్నాడు. మేం కళ్లప్పగించి చూస్తున్నంతసేపూ యంత్రం బుద్ధిగా నడిచేది, కాఫీకి లేచామో లేదో బిగుసుకుపోయేది. తన కోడ్‌ను చదివి చదివి గెర్లిండె కళ్లు ఎర్రబడ్డాయి. ఆకలిగా లేదంటున్నా వినకుండా ఎగాన్ ఆమెను భోజనానికి లాక్కొచ్చాడు, వెనకే మేమూ వచ్చాం.

మా కాంటీన్‌లో కలిసి కూర్చున్నవాళ్లు కలిసే లేవాలి. చివరి మనిషి తినడం అయ్యేదాకా ఎవరూ కుర్చీ కదపరు. ఎవరైనా ‘ఇక లేద్దామా’ అన్నారంటే మాత్రం ఆ బల్లకు వడ్డన బంద్. ఆ మాట చెవిన పడ్డాక వడ్డించే ఫ్రావ్ హేబర్లె గరిటె ఎత్తదు. డైరెక్టరు అడిగినా సరే.

ఆ రోజు పప్పూ, స్పెట్స్‌లె అనే మా ఊరి గుడ్డు సేమ్యాలూ. ఎగాన్ మెతుకు మెతుకూ లెక్కపెట్టినట్టు తింటాడు. గెర్లిండె తన పళ్లెం ముట్టకుండానే పక్కకు నెట్టేసి, కాలు నిలవక, “ఇక లేద్దామా” అనేసింది. సరిగ్గా అప్పుడే ఎగాన్‌కు స్పెట్స్‌లె అయిపోయాయి, పప్పు మిగిలింది. ఉత్త పప్పు అతనికి గొంతు దిగదు. పళ్లెం పట్టుకుని కౌంటరు దగ్గరికి వెళ్లాడు.

“మీ బల్ల లేచిపోతోందిగా. వాళ్లను లేవనివ్వండి, తర్వాత పెడతాను,” అంది ఫ్రావ్ హేబర్లె.

“నేను తినడం అయితేగానీ వాళ్లు లేవరండీ.”

“వాళ్లు లేస్తేగానీ నేను పెట్టను.”

ఎగాన్ వాదించే రకం కాదు. సరేనని అక్కడే నిలబడ్డాడు. ఆమె గరిటె పట్టుకుని నిలబడింది. మేం కూర్చున్నాం. పప్పు చల్లారింది, పక్క బల్లలు ఖాళీ అయ్యాయి. గెర్లిండె పళ్లు కొరుకుతూ ఎగాన్‌ను చూసింది, హేబర్లెను చూసింది, మళ్లీ ఎగాన్‌ను చూసింది. ఉన్నట్టుండి పకపకా నవ్వడం మొదలుపెట్టింది. పాపం, పిచ్చెక్కిందనుకున్నాను.

“ఎగాన్, అక్కణ్ణుంచి కదలకు. నువ్వే నా కోడ్‌వి,” అంది.

ఆమె కోడ్ తాళం పట్టుకుని, పని మధ్యలో ఏదో పాత ఫంక్షన్‌ను, అంటే వేరే కోడ్ ముక్కను, పిలుస్తోంది. ఆ ఫంక్షన్ అలవాటు కొద్దీ అదే తాళాన్ని మళ్లీ అడుగుతోంది. మామూలప్పుడు ఇచ్చేస్తారు. ఆ సందులో పీకేవాడు వచ్చి నిలబడితే మాత్రం ఇవ్వరు. కోడ్ తాళం కోసం, పీకేవాడు కోడ్ కోసం, ఇద్దరూ మర్యాదగా యుగాంతందాకా ఎదురుచూస్తారు.

గెర్లిండె కౌంటరు దగ్గరికి వెళ్లి తన స్పెట్స్‌లె మొత్తం ఎగాన్ పళ్లెంలో బోర్లించింది. తాళం ముందే చేతిలో ఉంటే మళ్లీ అడగడం దేనికి, అడక్కుండా పని కానిచ్చే ఫంక్షన్ ఒకటి రాస్తే సరి అని అరుచుకుంటూ పరుగెత్తింది. ఎగాన్ పళ్లెంతో సహా ఆమె వెనకే, పళ్లెం ఇచ్చి పొమ్మంటూ హేబర్లె అతని వెనకే.

కొత్త ఫంక్షన్ పెట్టాక ఎగాన్ పీకాడు, పెట్టాడు, పీకాడు. పూనకం వచ్చినట్టు అందరం తలా ఒకటి పీకేశాం. ఒక్క ప్రాసెసర్ మిగిలినా యంత్రం రొప్పుతూ నడిచింది తప్ప బిగుసుకోలేదు. పీకినవాటిలో ఒకటి హేబర్లెది.

కెర్నల్‌లో ఏ మార్పు పంపినా కారణం రాసి పంపాలి. గెర్లిండె ఆ ఊపులో ఎగాన్, స్పెట్స్‌లె, గరిటె అన్నీ కలిపి రాసేసి పంపేసింది. పంపాక మొహం పాలిపోయింది. మార్పు ఒకసారి కెర్నల్‌లో కలిస్తే ఆ రాత ఇక చెరగదు, లోకమంతా చదువుతుంది, పైగా తోర్బెన్‌కు వేళాకోళం గిట్టదు. అది చదవకండి, మంచిగా రాసి పంపుతానని గబగబా ఇంకో మెయిలు కొట్టింది. ఐదు కావస్తుండగా జవాబు వచ్చింది.

“కలిపేశాను. ఈ తప్పు నేనూ ఒకసారి చేశాను, ఎందుకు తప్పో ఇవాళ అర్థమైంది.”

ప్రింటర్ల గండం గడిచింది. గెర్లిండె నన్నూ, హేబర్లెనూ ఒకేసారి వాటేసుకుని నవ్వుతూ ఏడ్చేసింది. నాకూ ఎగిరి గంతెయ్యాలనిపించింది, వేశాను కూడా. ఎగాన్ ఒక్కడే తెర ముందు కూర్చుని, తన గురించి రాసింది మొదటినుంచి చివరిదాకా మెల్లిగా చదివాడు. నొచ్చుకున్నాడేమోనని అందరం అతని మొహంలోకి తొంగిచూశాం.

“అంతా బానే రాశావు గానీ, పప్పు మిగిలిపోయిందన్న సంగతి రాయలేదేం? లోకమంతా నన్ను తిండిపోతనుకోదూ?” అన్నాడు.

గెర్లిండె కళ్లు తుడుచుకుని, తోర్బెన్‌కు ఇంకో మార్పు పంపడానికి కూర్చుంది.