ఎల్బీ నగర్ పేజీకి వచ్చినవాళ్లు

బాబాయి గంగాధరరావుకు కంప్యూటర్ తెర మీద గురి కుదిర్చింది భావనే. అందుచేత తరువాత జరిగినదానికి ఆమె ఎవరినీ తప్పుపట్టలేకపోయింది.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెయిన్ రోడ్డు వెనక సందులో, మూడో అంతస్తులో ఆమె బాబాయి నడిపే కోచింగ్ సెంటర్‌కు చాలాకాలం గోడ పోస్టర్లే ప్రచారం. ఎం.సి.ఏ. ముగించి బాబాయి దగ్గరే పనిలో చేరిన భావన ఒక వెబ్‌సైటు తయారుచేసింది. దానికి ఎందరు వస్తున్నారో, ఏ పేజీ చూస్తున్నారో, ఎంతసేపు నిలుస్తున్నారో గీతలు గీసి చూపే డ్యాష్‌బోర్డును ఆయన బల్ల మీది కంప్యూటర్‌లో పెట్టింది. మొదట ఆయన నవ్వాడు. బ్యాంకు పరీక్షల పేజీకి జనం విరగబడుతున్నారని గీత చూపగా, నమ్మీ నమ్మక ఒక బ్యాచ్ పెట్టి చూశాడు. గది నిండింది. ఆనాటి నుంచి మనిషి మాట కన్న గీత మాట ఆయనకు వేదమైంది.

"మొహమాటానికి అందరూ చేరతామనే అంటారు బాబాయ్, తీరా రారు. వాళ్లేమంటున్నారో వినకు, ఏం చూస్తున్నారో చూడు" అని నూరిపోసింది కూడా భావనే.

సెంటర్‌లో అన్నిటికన్న పాతది తెలుగు మీడియం గ్రూప్ పరీక్షల బ్యాచ్. దానిని నిలబెట్టినవాడు అల్మాస్‌గూడ ఉపేందర్. ఇబ్రహీంపట్నం, హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట్ వైపు ఊళ్ల పిల్లలు అతని పాఠం కోసమే బస్సెక్కి వచ్చేవారు. సకల జనుల సమ్మె మొదలైన ఆ సెప్టెంబరులో అతను ఉదయం క్లాసు ముగించుకొని ఎల్బీ నగర్ చౌరస్తాకు రాస్తారోకోకు వెళ్లేవాడు.

"పొద్దుగాల రాజ్యాంగం చెప్త, ఎండెక్కినంక రాజ్యాంగబద్ధంగ రోడ్డు మీద కూసుంట" అని నవ్వించేవాడు.

కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన గంగాధరరావుకు ఆ హాస్యం అంతగా రుచించేది కాదు. అయినా షట్టరు మీద జై తెలంగాణ స్టిక్కరు అంటించినవాడు ఉపేందరే. సందు మొగలో రాళ్లు పడిన రోజున తమ బోర్డు దక్కడానికి అదే కారణం. కనుక ఊరుకునేవాడు.

సమ్మెలో బస్సులు ఆగిపోయాయి. ఏ రోజు క్లాసు ఉంటుందో, ఏ రోజు బంద్ పిలుపు వస్తుందో తెలియదు. సెల్‌ఫోన్ మెసేజ్‌లకు కూడా అప్పుడే రోజుకింత అని పరిమితి పెట్టారు. దాంతో పిల్లలందరూ కౌంటర్‌లో కూర్చునే రాణికే ఫోన్లు చేయసాగారు.

"అక్కా, గీ ఫోను నా చెవికే అతుక్కపోయింది" అంది రాణి ఒకనాడు. "మొఖం గూడ కడుక్కోనిస్తలేరు. మా ఇంటాయన అయితే 'నీకు అంతమంది తమ్ముండ్లెక్కడ మొలిచిన్రే' అంటున్నడు. నీ ఇంటర్‌నెట్ల ఏదో మూలకు రాసి పెట్టరాదు జర!"

భావన మొదటి పేజీలోనే రాయబోయింది. గంగాధరరావు అడ్డుపడ్డాడు.

"గుమ్మంలోనే 'ఇవాళ క్లాసు లేదు' అని రాస్తే కొత్తవాడు లోపలికి అడుగేస్తాడా? ఎక్కడో ఓ మూల పెట్టమ్మాయ్."

ఎల్బీ నగర్‌లో మరో శాఖ తెరవాలని ఆయనకు ఎన్నాళ్లనుంచో కోరిక. 'త్వరలో' అన్న ఒక్క మాటతో ఆ శాఖ పేరిట ఒక పేజీ ఖాళీగా పడి ఉంది. భావన ఏ రోజుకారోజు క్లాసు సంగతి ఆ పేజీలో రాసింది. అక్కడ చూసుకోమని ఉపేందర్ తన పిల్లలకు చెప్పాడు. ఇంటర్‌నెట్ సెంటర్లలో కొందరు, చిన్న ఫోన్లలో కొందరు, పొద్దున్నే ఆ పేజీ తెరిచి, ఒక్క వాక్యం చదువుకొని, ఆటోల కోసం రోడ్డు మీదికి వచ్చేవారు.

దసరా దాటిన తరువాత గంగాధరరావు ఆమెను గదిలోకి పిలిచాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

"చూశావా? ఊరంతా బంద్‌లో ఉంటే ఎల్బీ నగర్ పేజీ తాటిచెట్టులా లేచింది! ఉపేందర్ బ్యాచ్ పేజీ చూడు, నేలకు కరుచుకుపోయింది. అది తీసేద్దాం. ఎల్బీ నగర్‌లో ఇంగ్లీషు మీడియం బ్యాంకు బ్యాచ్‌లు పెడదాం. ఆ క్లాసు గదిలో బల్లలే అక్కడికి పనికొస్తాయి."

భావనకు వెంటనే అర్థమైంది. ఆ తాటిచెట్టును మోస్తున్నది ఉపేందర్ పిల్లలే. వారు తమ క్లాసు ఉందో లేదో చూసుకోబోయి, ఆ క్లాసునే ఎత్తివేయిస్తున్నారు.

"బాబాయ్, వాళ్లు కొత్తవాళ్లు కారు. క్లాసుందో లేదో నేను రాసేది ఆ పేజీలోనే. ఇదిగో, వచ్చినవాళ్లే రోజూ మళ్లీ మళ్లీ వస్తున్నారు."

"మళ్లీ మళ్లీ వచ్చేవాడేగా అమ్మాయ్, చివరికి కొనేది?"

"కాసేపైనా ఉండట్లేదు. ఒక్క క్షణం చూసి పోతున్నారు."

"'త్వరలో' అని రాసిపెడితే ఎంతసేపు చూస్తారు? ఇంకా తెరవలేదే అని ఉసూరుమంటూ పోతున్నారు."

"పోనీ, ఆ పిల్లల్నే పిలిచి అడుగుదాం."

గంగాధరరావు ఆప్యాయంగా నవ్వాడు. "అడిగితే ఏమంటారో నువ్వే కదా చెప్పావు? ఏమంటున్నారో వినకు, ఏం చూస్తున్నారో చూడు అని. నీ పాఠమే నాకు వచ్చింది, నీకు రాలేదు."

భావన మాటతో కానిదాన్ని గీతతోనే ఒప్పించాలనుకుంది. మరునాటి నుంచి క్లాసు సంగతిని ఎల్బీ నగర్ పేజీలోంచి తీసి, ఉపేందర్ బ్యాచ్ పేజీలో రాసింది. కొత్త చోటు పిల్లలకు రాణి ఫోన్ చేసి చెప్పింది. కొందరు అందారు, చాలామంది అందలేదు. అందనివారు విసిగి, అసలు చూడటమే మానుకున్నారు. వారం తిరిగేసరికి ఎల్బీ నగర్ గీత కూలింది. ఉపేందర్ బ్యాచ్ గీత కాస్త తల ఎత్తిందే తప్ప, ఆ పడిపోయినంతా దీనికి చేరలేదు.

భావన ఆ తెరను బాబాయి ముందుకు తిప్పింది. "ఇప్పుడు చూడు. రాత తీసేశాను, జనం మాయమయ్యారు. శాఖ కోసం వచ్చినవాళ్లయితే పోరుగా?"

ఆయన పడిపోయిన గీత వెంట వేలు పోనిచ్చాడు. ఆమెకు ఆశ కలిగింది.

"మన ఆలస్యమే కొంప ముంచింది" అన్నాడాయన లేస్తూ. "ఎవడో అక్కడ ముందే తెరిచి ఉంటాడు. జనం అటు మళ్లిపోతున్నారు. ఎల్బీ నగర్ ఇల్లుగల ఆయనతో రేపే అగ్రిమెంటు రాసేసుకుంటాను."

"బాబాయ్, అది కాదు..."

"పక్క గీత కాస్త లేచిందంటావా? ఆరిపోయే దీపానికి వెలుగెక్కువమ్మా."

ఏ వచ్చే నెలలోనో తీసుకోవలసిన నిర్ణయం ఆమె నిరూపణ వల్ల మరునాటికే ఖాయమైంది.

ఉపేందర్‌కు ఆమె ఏదీ దాచలేదు. అతను అంతా విని గడ్డం గోక్కున్నాడు.

"అంటే మా పోరగాండ్లు పొద్దుగాల లేసి చూసుడే తప్పైందన్నట్టు. చూడకుంటే క్లాసు దొరకదాయె, చూస్తే క్లాసే పాయె."

"మీరొకసారి మాట్లాడండి ఉపేందర్ గారూ."

"మాట్లాడిన. 'మీరంటే గౌరవమేనండీ, కానీ లెక్క ఒప్పుకోవట్లేదు' అన్నడు. సొంత మనిషివి, నీ మాటే ఇనలే. నాదేమింటడు? ఆంధ్ర, తెలంగాణ పంచాయితైతే నాలుగు మాటలంటుంటి. గీడ తిట్టుటానికి మనిషే లేకపాయె." మళ్లీ తనే అన్నాడు: "నాకేం ఫికర్ లేదమ్మా, ఏ బళ్లెనో చెప్పుకుంట. షేర్ ఆటోల ఏలాడుకుంట ఈడిదాక ఒచ్చేటోళ్లు రేపు కోచింగులున్న అశోక్‌నగర్ దాక ఎట్ల పోతరు? పోనే పోరు. సదువు బంజేస్తరు."

భావన కంప్యూటర్ ముందుకు వెళ్లి ఆ బ్యాచ్ పేజీ తెరిచింది.

సమ్మె విరమించారు. బస్సులు తిరుగుతున్నందున ఇక ముందుగా చూసుకోవలసిన పని లేదని, పిల్లలు పేజీ తెరవకుండానే బయలుదేరారు. బ్యాచ్ ఎత్తివేసినట్లు ఆమె రాసిన నాలుగు మాటలు ఎవరూ చదవలేదు. వారు వచ్చేసరికి బల్లలు దించే పని సాగుతోంది. కింద సందులో ట్రాలీ ఆటో నిలిచి ఉంది. మెట్ల మలుపులో ఒక బల్ల ఇరుక్కుపోతే, కూలీకి సాయంగా ఉపేందర్ రెండో కొస పట్టుకున్నాడు.

సార్ బరువెత్తుతుంటే పిల్లలు చూస్తూ నిలబడలేదు. సంచులు మెట్ల పక్కన కుప్పగా పడేసి, తలా ఒక చెయ్యి వేశారు.

"కొత్త రూముకా సార్?" అన్నాడొకడు, బల్ల కిందికి భుజం దూరుస్తూ.

ఉపేందర్ పై మెట్టు మీద నిలబడి ఉన్న భావన వైపు ఒకసారి చూశాడు. ఆమె గోడకు ఒదిగి దారి ఇచ్చింది.

"ముందుగాల కిందికి దించుండ్రి" అన్నాడతను. "మూల తాకుతది, పైలం."