హద్దు దగ్గర చెంపదెబ్బ

ఆరో పార బురద గట్టున వేశాక ఓల్డ్రిక్ షెబెస్టా నడుము నిలబెట్టి, చల్లారిపోయిన చికోరీ కాఫీని ఒక్క గుక్కలో తాగాడు. నీలిపువ్వుల పింగాణీ కప్పు అది. దాని చెవి విరిగిపోయి పదేళ్లు దాటింది. భార్య పోయాక ఇంట్లో మిగిలిన కప్పు అదొక్కటే. రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకునేవాడు.

నలభై ఏళ్లు మా హ్లుబోష్కా ఊరి రోడ్డు గుంతలు పూడ్చి, కాలువలు తీసిన మనిషి. పింఛను వచ్చి పద్నాలుగేళ్లయినా పార దింపలేదు. ఎడమ భుజం కుడిదానికంటే బెత్తెడు కిందికి జారింది. అరచేతులు చెక్కలా గట్టిపడ్డాయి. రోజూ కనబడే మనిషే గనక ఎవరూ ప్రత్యేకంగా చూసేవాళ్లం కాదు.

ఆ అక్టోబరు ఉదయం మాత్రం ఊరంతా అతని కోసమే వచ్చింది.

ముందు పోస్టాఫీసు వ్లస్టా, వెనక కొలతల అధికారి, ఆ వెనక పక్క ఊరు బ్రజోవ్ మేయరు క్రొపాచెక్. పదిహేనేళ్ల కిందట మా ఊరిని బ్రజోవ్‌లో కలిపేసి, పేరు బోర్డు కూడా పీక్కుపోయారు. ఇప్పుడు కాలం మారింది. వచ్చే నెలలో ఓట్లు వేసి విడిపోవచ్చు. కానీ కొండ కింద ఊట మాదని తేలాలి. నీళ్లు లేని ఊరు విడిపోయి ఏం చేసుకుంటుంది? పాత హద్దురాయి ఊటకు అవతల ఉండేదని మా మాట. లేదని క్రొపాచెక్ మాట.

"గుర్తు చూపిస్తే పాత హద్దే రాస్తాను. లేకపోతే ఊట బ్రజోవ్‌దే," అన్నాడు అధికారి.

"తాతా, ఆ రాయి దగ్గర దెబ్బ తిన్నది నువ్వే కదా," అంది వ్లస్టా.

మా వైపు ఆచారం అది. హద్దురాయి పాతేటప్పుడు ఊళ్లో ఒక పిల్లాణ్ణి దాని పక్కన నిలబెట్టి చెంప ఛెళ్లుమనిపించేవారు, చచ్చేదాకా ఆ చోటు మరచిపోకుండా. ఏడుపు మానడానికి చేతిలో ప్లమ్ పండ్ల కొలాచ్ రొట్టె పెట్టేవారు. రాయి కింద బొగ్గు, పెంకులు దాచేవారు. వాటిని సాక్షులనేవారు. రాయి జరిగినా సాక్షి జరగదు. ఓల్డ్రిక్ ఆ దెబ్బ తిన్నది ఆరేళ్లప్పుడు.

కానీ ఆ రాయిని పీకిందీ అతనే. సర్కారు పొలాలన్నీ ఉమ్మడి సేద్యంలో కలిపేసినప్పుడు పైనుంచి ఆజ్ఞ వచ్చింది. దట్టమైన పొగమంచులో గుర్రానికి గొలుసు కట్టి ఒక్కరోజులో తొమ్మిది రాళ్లు లాగాడు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ అతనికి తల కొట్టేసినట్టుండేది. ఊట పోతే ఆ పాపం తనదే.

"రాయిని పీకానుగానీ సాక్షిని ముట్టలేదమ్మాయ్," అన్నాడు. పార భుజాన వేసుకుని కొండవైపు నడిచాడు.

అడవి బేరిచెట్టు మొదట్లో తవ్వాడు. మోకాలి లోతు, తర్వాత నడుము లోతు. మట్టి, వేళ్లు, వానపాములు తప్ప ఏమీ లేదు.

"ఒరేయ్ ఓల్డా, బంగాళాదుంపలు నాటుకుందామా?" అని క్రొపాచెక్ ఇకిలించాడు. మా ముఖాలు మాడిపోయాయి.

ఓల్డ్రిక్ గోతిలో నిలబడి గడ్డం గోక్కున్నాడు. ఉన్నట్టుండి నవ్వి పైకెక్కాడు. "ఛీ, నా బుర్ర మండా! ఇది కొలాచ్ తిన్న చోటు. దెబ్బ తిని ఏడ్చుకుంటూ ఇక్కడికి పారిపోయొచ్చాను. అమ్మాయ్, నన్నొకటి కొట్టు!"

"అయ్యో, ఏంటి తాతా!"

"కొట్టమంటే కొట్టు. ఊట కావాలా, వద్దా?"

వ్లస్టా కళ్లు మూసుకుని ఒకటి ఇచ్చింది. ముసలాయన మొహం కుడివైపు తిరిగింది. అటు ఉత్త దున్నిన పొలం.

"ఈ చెయ్యి కాదు! అప్పుడు నన్ను కొట్టిన ఊరి ముసలి ప్రెసిడెంటుది ఎడమచేతి వాటం. గట్టిగా! నేనేమన్నా గాజుబొమ్మనా?"

ఈసారి ఎడమచెయ్యి ఛెళ్లుమంది. ఓల్డ్రిక్ మొహం ఎడమకి తిరిగి అక్కడే ఆగిపోయింది. కొండమీద రెండు కొమ్ముల బండ, దాని పక్కగా ఎక్కడో దూరాన బ్రజోవ్ చర్చి శిఖరం. "ఆ రోజు శిఖరం కొమ్ముల మధ్యలో ఉంది," అని గొణిగాడు. "సరిగ్గా మధ్యలో." మొహం అటే ఉంచి పీతలా అడ్డంగా నడిచాడు. ఊట దాటాడు. ఇంకో ముప్ఫై అడుగులు వేశాడు. శిఖరం వెళ్లి కొమ్ముల మధ్య కూర్చుంది.

మూడో పారకే బొగ్గు నల్లగా పైకొచ్చింది.

వ్లస్టా చంకలోంచి ఊరి చరిత్ర పుస్తకం తీసి, ఆ రాయి కింద దాచినవాటి జాబితా చదివింది. "బొగ్గు. రెండు పెంకులు. ఆకుపచ్చ సీసా మెడ." అధికారి మోకాళ్లమీద కూర్చుని ఒక్కొక్కటే తీసి గడ్డిమీద పెట్టాడు. సీసా మెడ ఎండలో పచ్చగా మెరిసింది. క్రొపాచెక్ టోపీ తీసి, ఓల్డ్రిక్ చెయ్యి పట్టుకుని ఊపాడు. మాకు ప్రాణం లేచొచ్చింది. అరిచాం, ఏడ్చాం, ఒకరినొకరం కావలించుకున్నాం.

"అందరూ సారాకొట్టుకి పొండి, నాకో బీరు పట్టుంచండి. ఈ చెట్టుకింది గొయ్యి పూడ్చొస్తాను. ఏ ఆవో పడితే కాలు విరుగుతుంది," అన్నాడు ఓల్డ్రిక్.

ఆ మధ్యాహ్నం మా చిన్న చర్చి గంటను వంతులవారీగా అరగంట మోగించాం. గంట ఆగినా అతను రాలేదు. నురగ పోకుండా బీరు మగ్గును అరచేత్తో మూసి వ్లస్టా కొండెక్కింది.

గొయ్యి నీటుగా పూడ్చి, పైన గడ్డిపెళ్లలు పరిచి ఉంది. ఓల్డ్రిక్ బేరిచెట్టుకు ఆనుకుని కూర్చున్నాడు. మొహం ఎడమవైపుకే తిరిగి ఉంది, బండ కొమ్ముల వైపు. ఏదో పందెం గెలిచినవాడిలా పెదవి చివర నవ్వు. ఊపిరి లేదు.

నవంబరులో ఎనభై మూడు ఓట్లలో ఎనభై ఒకటి మా ఊరికే పడ్డాయి. పేరు బోర్డు తిరిగొచ్చింది. వసంతంలో కొత్త హద్దురాయి పాతాం. ఈసారి దెబ్బ తిన్నది వ్లస్టా ఏడేళ్ల కూతురు. కొండ అదిరేలా ఏడ్చి, రెండు కొలాచ్‌లు పుచ్చుకుంది.

ఆ రాయి కింద, పాత బొగ్గు పక్కన, చెవిలేని నీలిపువ్వుల కప్పు మూడు ముక్కలై ఉంది.